వద్దన్న నవ్వు

కొండమలుపులో బస్సు ఆగిపోయింది. ఇంజను చల్లారేదాకా దిగి నిలబడమన్నాడు డ్రైవరు. ఫోటో స్టూడియో ఆయన రాతిమీద కూలబడ్డాడో లేదో, వెనకనుంచి పిలుపు.

"అన్నయ్యా, గుర్తుపట్టలేదా? మా ఆయన్ని నవ్వొద్దు నవ్వొద్దంటూ మీరే కదా నవ్వించింది!"

గుర్తుపట్టాడు. దేశాలు తిరిగేవాళ్లకు దారులు గుర్తున్నట్టు, ఫోటోలు తీసేవాళ్లకు చెంపలు గుర్తుంటాయి. ఆ దంపతులు గంభీరంగా ఉన్న ఫోటోనే తీసుకెళ్లారు. భర్త కళ్లు మూసుకుని పగలబడి నవ్వినది వద్దన్నారు.

"ఆయన పోయి ఏడాది కావస్తోంది. గోడమీదున్నాయన నన్ను కోప్పడుతున్నట్టే ఉంటాడు. ఆ నవ్విన ఫోటో ఇవ్వండన్నయ్యా. మీరేదీ పారెయ్యరుగా."

నిజమే, ఏదీ పారెయ్యలేదు. నెగెటివ్‌లు బూజుపట్టి చెడిపోయేలోగా అన్నిటినీ కంప్యూటరుకు ఎక్కించి, దానికి తగిలించిన డిస్కులో ఇంకో కాపీ పెట్టాడు. నెట్‌వర్క్ భద్రత చదువుకున్న ఒకమ్మాయి అప్పట్లో వచ్చి చూసింది కూడా.

"బయటివాళ్లు నెట్‌లోంచి లోపలికొచ్చే దారి తెరిచి పెట్టారండీ. పాస్‌వర్డేమో బోర్డుమీదున్న స్టూడియో పేరే! ఈ కాపీల డిస్కు పని కాగానే ఊడదీసి వేరేచోట దాచాలి. ఒకసారి సర్దితే సరిపోదు, తెలిసినవాళ్లు వచ్చి చూస్తూండాలి."

"మా బావమరిది ఉన్నాడమ్మా. వైరున్న ప్రతిదీ వాడికి కొట్టిన పిండి."

బావమరిది ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. ఇంట్లో కూర్చుని స్టూడియో కంప్యూటరు చూసుకోవచ్చని ఆ దారి తెరిచింది అతనే. డిస్కును మాత్రం ఈయనే ఊడదీయనివ్వలేదు. మళ్లీ పెట్టడం మరిచిపోతానేమోనని రాత్రింబవళ్లూ తగిలించే ఉంచాడు. అదే జాగ్రత్త అనుకున్నాడు.

ఒక ఉదయం చూస్తే ఎవరో ఆ దారినే లోపలికొచ్చి ఫోటోలన్నిటికీ ఇక తెరుచుకోకుండా తాళం వేసిపోయారు, డిస్కులోవాటితో సహా. బావమరిది తల గోక్కున్నాడు. మళ్లీ పిలిపిస్తే ఆ అమ్మాయి చాలాసేపు చూసి, "ఇవిక రావండీ" అంది. కసిరినా బాగుండేది.

"ఏంటన్నయ్యా, ఉలకరు పలకరు?"

"కంప్యూటర్లో దొంగలు పడ్డారమ్మా."

"దొంగలకి మా ఆయన నవ్వెందుకు, విడ్డూరం కాకపోతే!" అని నవ్వబోయి ఆగింది. "ఇంకో కాపీ ఉంటుందిగా?"

"దాన్నీ అక్కడే తగిలించి ఉంచాను."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "మీరేం చేస్తారు లెండి," అంది. "ఇస్తానంటే వద్దన్నదాన్ని నేనే."

ఆయన్ని తిట్టాల్సిన మనిషి తన్ను తానే తిట్టుకుంటోంది.

హారన్ మోగింది. జనం ఎక్కారు. ఆమె కిటికీ పక్కకు జరిగి, తన పక్క సీటుమీద సంచి పెట్టి, "అన్నయ్యా, ఇటు!" అని పిలిచింది.

ఆయన బస్సెక్కలేదు. అప్పటికే వచ్చిన దారినే, పల్లంవైపు నడుస్తున్నాడు. వెనుదిరగలేదు.