కొండ కోసం కాపాడుకున్న కాళ్లు

సగం మెట్లు దిగాను. వీపు మీద బియ్యం సంచి, ఒక చెయ్యి గోడ మీద. కింద గుమ్మం దగ్గర అత్తమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించి అక్కడే ఆగిపోయాను. పక్కింటావిడ గొంతు. ఉంగుటూరు వైపు పొలాలున్న వాళ్లు, ఈమధ్యే తాడేపల్లిగూడెంలో మా వీధిలో ఇల్లు కట్టుకున్నారు.

"ఏమనుకోకండి పిన్నిగారూ, రోజూ పొద్దున్నా సాయంత్రం మీ గోడవతల ఏదో దంచుతున్న చప్పుడు వస్తోందండి. ఏం దంచుతున్నారండి?"

"పసుపండి," అంది అత్తమ్మ.

"రోజూనా అండీ?"

"మాకు వాడకం ఎక్కువండి."

నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు నవ్వు రావడం అదే మొదటిసారి.

పక్కింటావిడ వెళ్లాక అత్తమ్మ మెట్ల కిందకొచ్చి తలెత్తి చూసింది. "విన్నావుగా. ఏనుగులా దిగకు. ఇంకో సంగతి, నువ్వు మోసి మోసి ఆ బియ్యం నూకలైపోతున్నాయి. రేపట్నుంచి ఇద్దరం ఉప్మాయే తినాలి."

నేనప్పుడు ఇద్దత్‌లో ఉన్నాను. మాలో భర్త పోతే భార్య నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. ఆయనది కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగు చేసే పని. ఏరేటర్లంటే చెరువు నీళ్లని చిలికే మోటార్లు. అవి ఆగిపోతే రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి, అందుకని వానలోనైనా పిలుస్తారు, వానలోనైనా వెళ్లాలి. అలా వెళ్లిన రోజున కరెంటు కొట్టింది. అంతే. ఇంకా చెప్పాలంటే నాకు రాదు.

కొండల పిచ్చి నాకు అంటించింది ఆయనే. నేను ఏలూరులో పుట్టాను. మా నాన్న తివాచీలు నేస్తారు, మా ఇంట్లో అందరం కూర్చుని పనిచేసేవాళ్లమే. పెళ్లయిన కొత్తలో ఆయన నన్ను జంగారెడ్డిగూడెం దాటించి ఏజెన్సీలోకి తీసుకెళ్లారు. ఆయనకి కొండలెక్కే గుంపొకటి ఉండేది. రైసు మిల్లులో గుమాస్తా, ఒక టీచరుగారు, ఇంకో ఇద్దరు ముగ్గురు, అంతా మాలాంటి వాళ్లే. సెలవు దొరికితే టిఫిను డబ్బాలు కట్టుకుని ఏదో ఒక కొండెక్కి దిగొచ్చేవారు. నేను మొదటి మలుపు దగ్గరే కూలబడ్డాను.

"మనది పల్లం దేశం కదా," అని నవ్వారాయన. "మోకాళ్లకి అలవాటు లేదు, వాటినేమీ తిట్టకు."

ఆ తర్వాత రైల్వేస్టేషన్లో పైవంతెన ఎక్కించి దించేవారు. మా ఊళ్లో అంతకన్నా ఎత్తు ఎక్కడుంది? కైకలూరు తీసుకెళ్లినప్పుడు చెరువుగట్ల మీద నడిపించేవారు. ఆ నల్లరేగడి వానకి సబ్బులా జారుతుంది, అక్కడ పడకుండా నడిస్తే ఎక్కడైనా నడవచ్చు అనేవారు. ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి మోకాలు కావాలి, అందరూ ఎక్కడం నేర్చుకుని దిగేటప్పుడు ఏడుస్తారు అనేవారు. పోయిన చలికాలం అన్నిటికన్నా పెద్ద కొండకి వెళ్లాం. ఆయన అంతకుముందే ఎక్కి చూశారు, పైనుంచి గోదావరి కనిపిస్తుందట. నాకు కాళ్లు వణికి సగంలో ఆగిపోయాను. ఆయన నాతోపాటే వెనక్కి తిరిగారు. మిగతావాళ్లు పైకెళ్లి అరుస్తుంటే కింద రాయి మీద కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. "ఏం పోయింది, వచ్చే చలికాలం వద్దాం," అన్నారు.

ఇద్దత్‌లో మొదటి నెల మంచం మీదే గడిచింది. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోతే తొడలు వణికాయి. నాకు భయమేసింది. ఆయన అంత కష్టపడి నాకు నేర్పింది ఇదొక్కటే, ఇది కూడా పోతోందనిపించింది. ఆ రోజే ఆయన కొండలకి మోసుకెళ్లే సంచి తీసి బియ్యం పోశాను. మా మెట్లు ఇంటి లోపలివే, బయటికి కనపడవు. ఎక్కడం మామూలుగానే, దిగడం మాత్రం మెల్లిగా, ఒక్కో మెట్టు మీద మోకాలు వంచి ఆగుతూ. అన్నం ఉడికేదాకా ఒంటికాలి మీద నిలబడేదాన్ని. గడప మీద మునివేళ్లతో నిలబడి మడమలు పైకీ కిందకీ ఆడించేదాన్ని. కూరలు కూడా పీట వేసుకోకుండా గొంతుక్కూర్చునే తరిగేదాన్ని.

అత్తమ్మ చూసేది. ఎందుకని అడగలేదు. చెట్టంత కొడుకు పోయిన మనిషి, ఆవిడకి నేనేం చెప్పను? ఒకసారి మాత్రం తనే అంది: "నేనూ ఈ ఇంట్లోనే కూర్చున్నాను, మీ మామగారు పోయినప్పుడు. కూర్చుని కూర్చుని లేచేసరికి బజారుదాకా కూడా నడవలేకపోయాను. ఈ కీళ్ల నొప్పులు అప్పటివే." అని తన పని తను చేసుకుంది.

చలి మొదలవుతుండగా టీచరుగారు ఫోన్ చేశారు. ఆ పెద్ద కొండకే వెళ్తున్నాం, ఈ ఆదివారం, నువ్వు రాగలవా అని. గోడ మీది క్యాలెండర్ చూశాను. నా ఇద్దత్ మంగళవారంతో అయిపోతుంది. రెండే రోజుల తేడా. బుధవారం మా అమ్మ వచ్చి నన్ను ఏలూరు తీసుకెళ్లిపోతుంది. అక్కడికెళ్లాక మా అన్నయ్య నన్ను కొండలకి పంపడం కల్ల. అప్పటికే ఇంట్లో రెండో సంబంధం మాటలు మొదలయ్యాయని ఫోన్లో అమ్మ గొంతును బట్టే తెలుస్తోంది. వెళ్తే ఇప్పుడే వెళ్లాలి, లేకపోతే ఇక లేదు.

"అత్తమ్మా, ఆదివారానికి అయిపోదా అండీ?" అని అడిగాను.

ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. "క్యాలెండర్ చూసుకున్నావుగా," అంది, తలెత్తకుండా.

రాలేనని టీచరుగారికి చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం కొండ పైనుంచి టీచరుగారు వీడియో కాల్ చేశారు. గాలికి ఒక్క మాటా వినపడలేదు. ఫోను అటూ ఇటూ తిప్పారు. దూరంగా ఒక తెల్లటి గీత. అదే గోదావరి అనుకుంటాను. సరిగా చూసేలోపు సిగ్నల్ పోయింది.

సోమవారం సాయంత్రం అత్తమ్మ నమాజు చదువుకుని, జానిమాజ్ చాప మడిచి, దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"అమ్మాయ్, నీ ఇద్దత్ శుక్రవారమే అయిపోయింది."

నాకు అర్థం కాలేదు. "రేపు కదండీ."

"గోడ మీది లెక్క వేరు. ఇద్దత్‌కి నెలవంక లెక్క. ఆ నెలలు పొట్టివి. నువ్వు చిన్నపిల్లవి, నీకు తట్టదని నాకు తెలుసు."

"మా అమ్మకి కూడా తెలీదాండీ?"

"అడిగింది. మీ ఇంటి పెద్దవారు మీరు, మీరే చెప్పండి అంది. బుధవారం రమ్మన్నాను."

"నేనూ అడిగాను కదండీ మిమ్మల్ని."

"అడిగావు."

వీధిలో ఏదో ఆటో ఆగి మళ్లీ వెళ్లింది. ఆవిడ చాప అంచుని వేళ్లతో సర్దుతూనే ఉంది.

"అయిపోయిందంటే శనివారమే వచ్చి తీసుకుపోతారు," అంది. "వాడి గదిలో లైటు ఇంకో నాలుగు రోజులు వెలగనీ అనుకున్నాను. నీ కొండ సంగతి నాకు తెలుసు. టీచరమ్మతో నువ్వు మాట్లాడినప్పుడు ఇక్కడే ఉన్నాను. చెబుదామనే అనుకున్నాను, నోరు రాలేదు. నీకు ఏమనాలనిపిస్తే అది అను."

నేను అనకపోవడం మంచితనమేం కాదు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసింది. మెట్లెక్కి పైకి వెళ్లి పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పి ఉంటే నిన్న నేను ఆ కొండ మీద ఉండేదాన్ని. ఆయన చూసిన చోట నిలబడి ఆయన చూసినవన్నీ చూసేదాన్ని. కాళ్లు రెండూ సిద్ధంగా ఉన్నాయి. వాటిని చూస్తుంటేనే ఏడుపొచ్చింది. ఈ బలాన్నంతా ఎక్కడ పెట్టుకోను? కింద అత్తమ్మ ముక్కు చీదుకుంటోంది. దిగి వెళ్లాలనిపించలేదు. చాలాసేపటికి దిగితే నా కంచం మీద మూత పెట్టి ఉంది, ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని తెలుసు.

మర్నాడు పొద్దున్నే బురఖా వేసుకుని, చెప్పకుండా తలుపు తీసుకుని బయటికొచ్చాను. అన్ని నెలల తర్వాత వీధి. పాలకొట్టు దాటాను. రైసు మిల్లుల రోడ్డు పట్టుకుని నడిచాను, ఊక వాసన, మంచు. కాళ్లు తేలిగ్గా పోతున్నాయి, ఊపిరి కొంచెం కూడా బరువెక్కలేదు. అలా ఎంతదూరమైనా పోయేలా ఉన్నాయి. కాలువ వంతెన దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాను. దారిలో పాల ప్యాకెట్ కొన్నాను. అత్తమ్మ చెప్పులు కూడా లేకుండా వీధి మలుపులో నిలబడి ఉంది, చెంగు సగం జారి. నన్ను చూసి గోడ పట్టుకుంది. పాల ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టి, రెండో చెయ్యి పట్టుకుని, ఆవిడ కీళ్ల నొప్పుల నడకతో సమానంగా, మెల్లిగా ఇంటికి నడిపించుకొచ్చాను.