లచ్చయ్య ఆపిన సీటు

లచ్చయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. మనిషన్నవాణ్ణి ఎక్కడికీ ఒంటరిగా పోనివ్వడు. ఒంటరివాడంటే రోగానికి కూడా లోకువేనని ఆయన గట్టి నమ్మకం.

ఎల్బీనగర్‌లో ఆయన ఉండే గల్లీలో ఎవరు చెప్పులు తొడుక్కున్నా, "యాడికి? ఆగు, నేనూ వస్తా" అంటూ భుజాన తువ్వాల వేసుకుని బయల్దేరతాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి కదా, పక్కన సీటు ఖాళీగా పోతుంటే ప్రాణం ఊరుకోదు. పక్కింటాయన పన్ను పీకించుకోవడానికి పోతే తోడు వెళ్ళి, డాక్టరు నోరు తెరవమన్నప్పుడల్లా తనూ తెరిచాడు. ఎదురింటి శ్రీరామమూర్తి మాస్టారిది తెనాలి. తెలంగాణ రావాలని ఈయన, అక్కర్లేదని ఆయన, పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర మొదలుపెడితే పాలు విరిగేదాకా వాదించుకునేవారు. అలాంటిది మాస్టారి భార్య నాగేశ్వరికి కంటి ఆపరేషన్ అయిన రోజున, ఆటోలో దారి పొడుగునా మాస్టారితో పోట్లాడుతూనే వెళ్ళి, ఆసుపత్రిలో మూడు గంటలు ఆమె కళ్ళజోడు పట్టుకుని నిలబడ్డది కూడా ఈయనే.

ఈ మహానుభావుడు ఉదయలక్ష్మి పాలబడ్డాడు. లేదా ఆమే ఆయన పాలబడింది. ఉదయలక్ష్మి భీమవరం అమ్మాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మేడ మీద, మందులూ సూదులూ లేకుండా మాటలతో మనసు కుదుటపరిచే వైద్యం కొత్తగా మొదలుపెట్టింది. ఆమెకున్న నియమం ఒకటే: ఒక గంట, ఒక గది, ఒక్క మనిషి. సకల జనుల సమ్మె సాగుతోంది. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. ఆ రోజుల్లో లచ్చయ్య ఫోన్ చేసి, తనకు మెదడు కరాబైందని చెప్పి, టైము తీసుకున్నాడు.

తీరా చూస్తే ఇద్దరు వచ్చారు. రెండోవాడు లచ్చయ్య మేనల్లుడు రాజు, పెళ్ళి కావలసిన బస్సు డ్రైవరు. కొత్తపేట మీదుగా నడిచొచ్చారట. లచ్చయ్య గుమ్మంలోంచే తువ్వాల విసిరి కుర్చీ ఆపాడు. గదిలో పోటీకి ఎవరూ లేరు.

పేషెంటు ఒక్కరే ఉండాలని ఉదయలక్ష్మి మెత్తగా చెప్పింది. ఒక్కడినే అంటే బుగులైతదని లచ్చయ్య అంతకన్నా మెత్తగా చెప్పాడు. పోనీ మొదటి రోజే కదా అని ఆమె ఊరుకుంది. నిద్ర పడతలేదన్నాడు, తిండి సయిస్తలేదన్నాడు, చేతులు వణుకుతున్నయన్నాడు. ఆమె అన్నీ రాసుకుంది. ఈలోగా టీ వచ్చింది. లచ్చయ్య చేతిలో నిండు గ్లాసు చుక్క తొణకలేదు. రాజు గ్లాసులో టీ సగం ప్యాంటు మీద పడింది. ఉదయలక్ష్మి తను రాసుకున్నది ఇంకోసారి చదువుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

లచ్చయ్యను చిన్నతనం గురించి అడిగితే మేనల్లుడి చిన్నతనం చెప్పాడు. మీ భయం ఏమిటని అడిగితే రాజు మొహంలోకి చూశాడు. చదివిన చదువులో ఇలాంటి కేసు ఎక్కడా తగలక ఆమె తల పట్టుకుంటే, లచ్చయ్య లేచాడు.

"జర చాయ తాగొస్తా మేడమ్. నేనొచ్చేదాక వీడు నా సీట్ల కూసుంటడు."

ఇప్పుడే కదా టీ తాగారని ఆమె అనేలోపే మెట్లు దిగిపోయాడు. గంటయినా రాలేదు. రాజు తువ్వాల మీద బిగుసుకుని కూర్చుని, తను ఊరికే తోడొచ్చానని మూడుసార్లు చెప్పాడు. రెండోసారి వచ్చినా ఇదే తంతు. అదే తువ్వాల, అదే చాయ. ఇంతకీ తన పేషెంటు కుర్చీలో ఉన్నాడో, టీ బండి దగ్గర ఉన్నాడో ఉదయలక్ష్మికి బోధపడలేదు.

మూడోసారి, ఆమె ఏమీ అడగకుండానే రాజు నోరు విప్పాడు. సమ్మెకు ముందు ఒక బంద్ రోజున అతని బస్సు అద్దానికి రాయి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సును పక్కకు తీసి జనాన్ని దించింది కూడా అతనే. కానీ ఆనాటి నుంచి స్టీరింగు తలుచుకుంటే చాలు, చేతులు వణుకుతున్నాయి.

"అందరితోటి నినాదాలు ఇస్తున్న మేడమ్. తెలంగాణ రావాలనే ఉన్నది. కని సమ్మె మాత్రం ఒడవొద్దని మొక్కుతున్న. ఒడిస్తే బస్సెక్కాలె. ఈ ముచ్చట ఎవ్వలతోటి చెప్పుకోవాలె?"

ఉదయలక్ష్మి ఆ రోజు ప్రశ్నలు పక్కన పెట్టి విన్నది. తర్వాత మెల్లగా దారి చెప్పింది. ముందు ఆగిన బస్సులో ఊరికే కూర్చోవాలి. పక్కన నమ్మకమైన మనిషి ఉండాలి. ఆ మనిషెవరో చెప్పనక్కర్లేదు.

వారం తిరక్కుండానే లచ్చయ్య భార్య అండాలమ్మ ఆయాసపడుతూ మేడ ఎక్కి వచ్చింది.

"మా ఆయనకు ఎప్పుడు తగ్గుతది బిడ్డా? డిపోల ఆగిన బస్సెక్కి 'రైట్ రైట్' అంటుండట. గేటు కాడ సమ్మె చేసేటోళ్ళందరు చూసిన్రు. స్టేజీలు గూడ పిలుస్తుండట."

రాత్రుళ్ళు నిద్రపోతున్నారా అని ఉదయలక్ష్మి అడిగింది. గురక నాలుగిళ్ళకు వినబడుతుందట. తిండి మూడు పూటలా తింటాడట. మరి మెదడు కరాబైందని ఎవరన్నారంటే, గల్లీలో ఇల్లిల్లూ తిరిగి ఆయనే చెప్పుకున్నాడట, తనకు బాగలేదనీ, పాపం రాజు తోడొస్తున్నాడనీ.

ఉదయలక్ష్మికి అప్పుడు దిమ్మ తిరిగింది, తిరిగాక తెలివొచ్చింది. రాజు మాట గది దాటకూడదు. అందుకని అండాలమ్మ చెయ్యి పట్టుకుని, భయం లేదని మాత్రం చెప్పి పంపింది. మర్నాడు టీ బండి దగ్గరికి తనే దిగి వెళ్ళి లచ్చయ్యను నిలదీసింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "వాడు గీ దవాఖానకొస్తుండని తెలిస్తే పిచ్చోడంటరు. నౌకరి మీద మచ్చ, పిల్లనిచ్చేటోడు రాడు. నన్నంటే ఏం పోతది మేడమ్? ముందుగాల్నుంచి అంటనే ఉన్నరు."

అండాలమ్మ కంగారు మాటేమిటని కోప్పడింది ఉదయలక్ష్మి. లచ్చయ్య తల గోక్కున్నాడు. పొద్దున్నే రాజే అత్త ముందు కూర్చుని అంతా చెప్పేశాడట. ఆమె ఇద్దర్నీ కడుపారా తిట్టి, కడుపు నిండా పెట్టిందట.

సమ్మె ఆగి బస్సులు కదిలిన మొదటి పొద్దున, ఉదయలక్ష్మి కిటికీ దగ్గరే నిలబడింది. రాజు బస్సు వచ్చి కింద స్టాపులో ఆగింది. చేతులు కొంచెం వణికాయో లేదో మేడ మీదికి కనబడలేదు. బస్సు మాత్రం నిదానంగా, బుద్ధిగా కదిలింది. ముందు సీట్లోంచి తల బయటపెట్టి లచ్చయ్య 'రైట్ రైట్' అన్నాడు. అసలు కండక్టరు ఆయన్ని గదమాయించడం కూడా వినబడింది. ఉదయలక్ష్మి ఒక్కతే పడీ పడీ నవ్వింది.

వారం తర్వాత మళ్ళీ ఫోన్. మెదడు ఇంకోసారి కరాబైందట.

ఈసారి లచ్చయ్య వెనకాల మడిచిన గొడుగు పట్టుకుని శ్రీరామమూర్తి మాస్టారు వచ్చారు. వారం రోజుల గడ్డం, నిద్ర లేని కళ్ళు. "నేను ఊరికే తోడుగా వచ్చానండి" అన్నారు, ఎవరూ అడగకముందే.

లచ్చయ్య తువ్వాల విసిరాడు. మాస్టారిని భుజం పట్టి కూర్చోబెట్టాడు. చాయ తాగొస్తానని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

"తెలంగాణ సంగతి చెప్తే మాత్రం నమ్మకుండ్రి మేడమ్. మిగిలినయన్నీ మంచిగనే చెప్తడు."

మెట్ల మీద అడుగుల చప్పుడు దూరమైంది. ఉదయలక్ష్మి కొత్త పేజీ తీసి, పైన లచ్చయ్య అని రాసుకుని, మాస్టారి వైపు తిరిగింది.

"చెప్పండి మాస్టారూ, లచ్చయ్యగారికి ఎలా ఉంటోంది?"

మాస్టారు గొడుగు పక్కన పెట్టి, లచ్చయ్యకు వారం రోజులుగా నిద్ర లేదని మొదలుపెట్టారు.