అరవై దాటితే పచ్చ

ఆ యాప్ నేను రాసింది అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో, ముగ్గురం ఆడపిల్లలం ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో, నేల మీద కూర్చుని. మాస్టర్స్ రెండో సెమిస్టర్. ఏ అసైన్‌మెంట్ ఎప్పుడివ్వాలి, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులున్నాయి అన్నీ ఒకేచోట కనిపించాలని మొదలుపెట్టాను. గడువులూ, ఎన్ని మార్కులకి ఏ గ్రేడో ఉండే సిలబస్ కాగితం అప్‌లోడ్ చేస్తే తేదీలు అదే తీసుకునేది. మార్కుల పక్కన రంగు కూడా వచ్చేది. బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు.

దాన్ని మొదట వాడింది నా రూమ్మేట్, నేను అక్కా అని పిలిచే మనిషి. సొంతూరు వరంగల్, నాకంటే నాలుగేళ్లు పెద్ద. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి చదువుకు వచ్చింది. చాలా నెమ్మది. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి. మూడోసారి నోట్‌బుక్‌లో రాసుకునేది. నేను ఆమెను అందరి ముందూ ఆటపట్టించేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. అలా నవ్వడం నాకింకా చిరాకు తెప్పించేది.

మొదటి సెమిస్టర్‌లో ఆమె జీపీఏ, నాలుగుకి లెక్కేసే సగటు గ్రేడు, మూడు కంటే తగ్గింది. ఈసారి మూడు దాటకపోతే యూనివర్సిటీ నుంచి తీసేస్తారు, దాంతో వీసా కూడా పోతుంది. ఇల్లు మొత్తానికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆమె నాలుగు సబ్జెక్టులు తీసుకుంది. వీసాకి మూడు సబ్జెక్టులుంటే చాలు కాబట్టి, ఒకటి సరిగ్గా సాగకపోతే గడువులోగా డ్రాప్ చేసేయొచ్చని, అలా వదిలేసింది జీపీఏ లెక్కలోకి రాదని. నాకు తెలిసి ఆమె జీవితంలో వేసిన తెలివైన ఎత్తు అదొక్కటే.

ఇప్పుడు నా తెలివి గురించి చెబుతాను. రంగు కూడా సిలబస్ చూసే వేస్తుందని నేను అందరికీ గొప్పలు చెప్పాను. అబద్ధం. ఆ అంకె నేను చేత్తో కొట్టాను, అరవై అని. అరవై దాటితే ఫస్ట్ క్లాస్ అని చిన్నప్పటినుంచీ నరాల్లో ఉంది, ఆలోచించకుండానే వేళ్లు కొట్టేశాయి. ఇక్కడ ఎనభై దాటితేగాని బీ రాదు, అంటే జీపీఏలో మూడు; డెబ్బై అంటే సీ, రెండే. నాకెప్పుడూ తొంభైకి తగ్గలేదు గనక ఆ గీత కింద ఏం జరుగుతోందో చూడాల్సిన అవసరం నాకు రాలేదు.

డ్రాప్ గడువు ఒక శుక్రవారం, సాయంత్రం ఐదుకి. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి నా యాప్ డెమో. కంపెనీల వాళ్లు వస్తున్నారు. నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ముందు రోజే క్లాస్‌మేట్ ఒకడు మెసేజ్ పెట్టాడు, నాకు డెబ్బై రెండుకి పచ్చ చూపిస్తోంది, ఇదేం లెక్క అని. చదివాను. ఒక్క అంకె మారిస్తే సరిపోయేది. మార్చలేదు. ఎందుకంటే డెమోకి నేను పెట్టుకున్నది అక్క అకౌంటే. అందరికంటే శ్రద్ధగా అన్నీ ఎక్కించింది ఆమే. ఆ స్క్రీన్ నిండా పచ్చగా చూడముచ్చటగా ఉంది. అంకె మారిస్తే అందులో ఒకటి ఎర్రబడుతుంది.

శుక్రవారం పొద్దున కిచెన్‌లో నేను కాఫీ కలుపుకుంటుంటే అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది.

"గీ స్టాటిస్టిక్స్‌ల డెబ్బై ఒకటున్నది. పోయిన సెమ్ల గిన్నిటికే సీ ఇచ్చిన్రు. నీ యాప్ల మంచిగనే చూపెడ్తున్నది. డ్రాప్ చెయ్యాల్నా, వద్దా?"

"అది ఆ ప్రొఫెసర్, ఇది ఈ ప్రొఫెసర్. గ్రీన్‌గా ఉంది కదక్కా. ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

"గంతేనా? పక్కానా?"

"అడ్వైజర్‌ని అడుగుపో మరి. నాకు డెమో ఉంది, నన్ను చంపకు."

అడ్వైజర్‌ని అడగలేదు. నేను చెప్పాను కదా, అంతే. సిలబస్ తెరిచి తనే చదువుకుని ఉండొచ్చు. ఇప్పటికీ ఆ మాట నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

డెమో అదిరింది. చప్పట్లు కొట్టారు. తర్వాత నలుగురం బిర్యానీకి వెళ్లాం. ఇంటికొచ్చేసరికి ఆరున్నర. అప్పుడు కూర్చుని అంకె మార్చాను. పది నిమిషాల్లో అక్క గదిలోంచి వచ్చింది.

"గిదేంది, ఎర్రగైంది?"

"బగ్ ఉంది. ఇప్పుడే ఫిక్స్ చేశాను."

"నీకెప్పుడు ఎర్కైంది?"

"ఇప్పుడే."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. వెళ్లి పుస్తకం తెరుచుకుంది. ఫైనల్ దాకా ఆ పుస్తకం మూయలేదు. డెబ్బై ఆరు వచ్చింది, అంటే సీ. జీపీఏ మూడుకి ఓ పిసరు తక్కువలో ఆగింది. ఆ ఒక్కటీ డ్రాప్ చేసుంటే మూడు దాటేది. నేను లెక్క వేసి చూశాను. అలాంటి లెక్కలకు నా యాప్ చాలా బాగా పనికొస్తుంది.

యూనివర్సిటీ తీసేసింది; ఆమె ఇండియాకి తిరిగి వెళ్లే రోజు ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. సూట్‌కేసు దించుకుని నన్ను గట్టిగా పట్టుకుంది. "నువ్వు మనసుల పెట్టుకోకు. బగ్ అన్నంక ఎవ్వరికైనా వస్తది. నేనే సూస్కోలే" అంది. నోరు తెరిచి చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వెనక కారు వాడు హారన్ కొడుతున్నాడు. జాగ్రత్తక్కా అని కారెక్కేశాను.

రెండు వారాలకి ఇంటర్వ్యూ. నువ్వు చేసిన తప్పొకటి చెప్పు, దాన్నుంచి ఏం నేర్చుకున్నావో చెప్పు అన్నారు. ఇక్కడ ప్రతి ఇంటర్వ్యూలోనూ ఉండే ప్రశ్నే. నేను అరవై కథ చెప్పాను. తెలిసిన గంటలోనే సరిచేశానన్నాను. ఆ యూజర్ ఏమైందని అడిగారు. గడువులోపలే చూసుకుంది, ఇప్పుడు చక్కగా చదువుకుంటోంది అన్నాను. ముగ్గురూ తలలూపి రాసుకున్నారు.

ఉద్యోగం వచ్చింది. అక్కకి ఎవరో చెప్పినట్టున్నారు, వాట్సాప్‌లో ఫోన్ చేసింది.

"నాకు ముందే ఎర్కే నీకొస్తదని! ఏం అడిగిన్రే?"

"మామూలువే అక్కా. అందరినీ అడిగేవే."

ఆమె నవ్వింది. నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషం వింటూ నాకు ఆమె మీద అసహ్యం వేసింది.