ఆ ప్రశ్నలు మా ఆవిడనే అడగాలట

నా ఇంట్లో, నా హాల్లో, నా కుర్చీలో కూర్చున్న నన్ను బయటికి వెళ్లమన్న మనిషి ఇప్పటిదాకా ఒక్కతే. ఆవిడ మీద నాకున్న కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఆ రోజు నేను లేచి బయటికి వెళ్లి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

మియాపూర్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాటు. ఉండేది నేనూ మా ఆవిడా, ఇద్దరమే. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్లు దాటింది. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉద్యోగుల్ని తెచ్చే క్యాబుల పని నేను చూస్తాను. ఏ బండి ఏ షిఫ్టుకు వెళ్లాలో, ఏ డ్రైవరు ఎక్కడ ఉండాలో చెప్పేది నేనే.

నేను ఫిర్యాదులు రాసే మనిషిని. అందులో దాచుకోవలసిందేమీ లేదు. అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న నన్ను, నేను ఊళ్లో లేని ఆదివారం చూసి మీటింగు పెట్టి తీసేశారు. ఆ రోజు చెయ్యెత్తిన పదకొండు ఫ్లాట్ల నంబర్లూ నాకు నోటికొచ్చు. మా ఆవిడ మోకాలికి వైద్యం చేసిన ఫిజియోథెరపీ క్లినిక్ మీద కూడా రాశాను. ఆరు నెలలు పంపినా ఆవిడ కుంటుతూనే ఉంది. పైగా అక్కడి రిసెప్షన్ అమ్మాయి, "మేడం రెండుసార్లే వచ్చారు సార్" అని నా మొహం మీదే అంది. అదీ రాశాను.

ఆ శనివారం నాకు సెలవు. ఉదయం పదకొండింటికి బెల్లు మోగింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, ముప్ఫై ఏళ్ల అమ్మాయి.

"ప్రభుత్వం పైసలిచ్చి చేపిస్తున్న సర్వే సార్. జూదం అలవాటు మీద. ఫోన్ల ఆడే ఆటలు, బెట్టింగు, పేకాట, గవన్నీ. ఎవరు పరేషాన్ అయితున్నరో, ఎట్ల ఆపాలెనో తెలుసుకునేటందుకు."

నాకు సంతోషమేసింది. ఈ విషయంలో ప్రభుత్వానికి నేను చెప్పవలసినవి చాలా ఉన్నాయి. మా పార్కింగులో డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చుకుని ఫోనులో ఏం చేస్తారో నాకు తెలుసు. వాళ్లలో ఒకణ్ని పట్టుకుని డ్యూటీ నుంచి తీసేయించాను కూడా. "కూర్చో అమ్మాయ్, చెబుతాను" అన్నాను. ఆ అమ్మాయి మా ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమందని అడిగి, మా ఇద్దరి పేర్లూ వయసులూ ట్యాబ్‌లో ఎక్కించి, ఒక మీట నొక్కింది.

"సార్, ఇది అమ్మను ఎంచింది. ప్రశ్నలు అమ్మనే అడగాలె."

"ఇంటి పెద్దని నేనిక్కడ కూర్చుని ఉండగానా?"

"పెద్దా చిన్నా దానికి తెల్వదు సార్. ఎవరి పేరొస్తే వాళ్లే. మా చేతుల ఏం లేదు." తలుపు వైపు చూపించి, "అమ్మ ఒక్కతే ఉండాలె. పదిహేను నిమిషాలు. జర బయట కూసుంటరా?" అంది.

"నా ఇంట్లో నాకు తెలియని సంగతి ఏముంటుంది? అడుగు" అన్నాను.

ఆవిడ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ, "ఉండనీ అమ్మా, ఆయన లేవరు" అంది. నన్ను సమర్థించిందనుకున్నాను.

"గడిచిన సంవత్సరంల డబ్బు పెట్టి ఏదన్న ఆట ఆడిన్రా అమ్మా?"

"ఆవిడకి పేకలో రాజెవరో రాణెవరో కూడా తెలియదు. లేదని రాసుకో" అన్నాను.

"అమ్మను అడిగిన సార్."

"ఆయన చెప్పారుగా" అంది మా ఆవిడ.

తర్వాతి ప్రశ్న, ఆడే సంగతి ఇంట్లోవాళ్ల దగ్గర ఎప్పుడన్నా దాచారా అని. నేను నవ్వాను. ఆ మనిషి నవ్వలేదు. ట్యాబ్ మూసేసింది. "ఇట్లయితే రాయరాదు సార్. మల్ల వస్త" అని లేచింది. తలుపు దగ్గర మా ఆవిడతో ఏదో మెల్లగా చెప్పి వెళ్లింది. నాకు వినబడలేదు.

ఆ సాయంత్రమే రెండు పేజీలు రాశాను. ఇంటి యజమానిని అగౌరవపరచడం, అడిగిన ప్రశ్నకు సమాధానమిస్తుంటే అడ్డుకోవడం, భార్యతో చాటుగా గుసగుసలాడి సంసారంలో కలతలు పెట్టే ప్రయత్నం చేయడం. ఆ సర్వే అమ్మాయి ఇచ్చి వెళ్లిన కాగితం మీద ఉన్న చిరునామాకు ఒకటి, దాని పైవాళ్లకు రెండు ప్రతులు.

ఫలితం వచ్చింది. రెండు వారాల లోపే ఇంకో కుర్రవాణ్ని పంపారు. ఇస్త్రీ చొక్కా, మంచి నమస్కారం. టీ తాగాడు. ప్రశ్నలన్నీ నన్నే అడిగి, అన్నిటికీ లేదని టిక్కు పెట్టుకున్నాడు. "మేడం గారూ, అంతేనా?" అని హాల్లోంచి వంటింటి వైపు ఒక్క కేక వేశాడు. అంతేనని లోపలినుంచి జవాబు వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. మరో వారానికి పరిశోధన నడిపే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నామని, సదరు ఉద్యోగినిని విధుల నుంచి తొలగించామని. నా జన్మలో నా ఫిర్యాదుకు ఇంత నిండైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు. దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్లి పైకి చదివాను.

మా ఆవిడ దోసకాయ పచ్చడి మిక్సీలో వేస్తోంది. ఆపింది.

"ఆ అమ్మాయిని తీసేశారా?"

"తీసెయ్యరూ మరి!"

"బుధవారం వస్తానంది. మీరు డ్యూటీలో ఉంటారని నేనే రమ్మన్నాను. మూడు బుధవారాలు చూశాను."

"ఎందుకు చూడటం?"

పచ్చడి గిన్నెలోకి తీస్తూనే అంది. "ఆడేది నేనేనండి."

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఏమిటి ఆడేది?" అని అడిగాను, ఏ అష్టాచెమ్మో అన్నట్టు.

"రమ్మీ. ఫోనులో. డబ్బు పెట్టి."

"నీకు పేక రాదుగా!"

"మీరెప్పుడు అడిగారు? మా నాన్న నాకు ఏడేళ్లప్పుడే నేర్పాడు. శివరాత్రి జాగారానికి మా మావయ్యలందర్నీ ఓడించేదాన్ని. మీ ఇంటికొచ్చాక ముక్క పట్టలేదు."

ముప్ఫై ఒక్క సంవత్సరాలు కాపురం చేశాం. ఆవిడకు ఇష్టమైన కూర, పడని మందు, చెప్పుల సైజు, అన్నీ తెలుసని పది మందిలో చెప్పుకునేవాణ్ని. నోటికొచ్చిన మాట ఒక్కటే. "మన రాష్ట్రంలో ఫోను రమ్మీ మీద నిషేధం ఉంది కదా!"

"ఉందండి. దాన్ని దాటే లింకులూ ఉన్నాయి."

గిన్నె తీసుకుని హాల్లోకి నడిచింది. కుడికాలు ఈడుస్తూ నడిచింది. ఆ నడక చూస్తుంటే మెల్లగా, ఒక్కొక్కటిగా తెలిసింది. ఫిజియోథెరపీకని నెలనెలా నేనిచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసింది. రిసెప్షన్ అమ్మాయి అబద్ధం ఆడలేదని తెలిసింది. ఆ మోకాలి నొప్పిని ఆవిడ ఆరు నెలలు అలాగే ఓర్చుకుంది, ఆట కోసం.

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగానంటే అరిచాను.

"ఆ డ్రైవర్ని తీసేయించి వచ్చిన రోజు భోజనానికి కూర్చుని మీరేమన్నారు? ఇలాంటి వాళ్లని గడప తొక్కనివ్వకూడదన్నారు. అప్పుడు మీకు అన్నం వడ్డిస్తున్నది నేను" అంది. "బయటివాళ్లకైతే చెప్పగలననుకున్నాను. ఆ అమ్మాయి కళ్లు చూస్తే చెప్పగలననిపించింది. రానివ్వలేదు మీరు."

సోమవారం డ్యూటీకి సెలవు పెట్టి ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లాను. ఫిర్యాదు రాయడానికి కాకుండా వెనక్కి తీసుకోవడానికి ఒక ఆఫీసు మెట్లెక్కడం నాకు అదే మొదటిసారి. గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు, మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను. చివరికి సర్వే బాధ్యత చూసే పెద్దమనిషి పిలిచాడు. ప్రొఫెసరట.

"వెనక్కి తీసుకోవడమంటూ లేదండి. చర్య అయిపోయింది. ఆవిడది రోజుకింత అని ఇచ్చే పని. ఇప్పుడు వేరే వాళ్లున్నారు" అన్నాడు.

"ఆవిడ తప్పు లేదండి. నేనే లేవలేదు."

"అలాగని మీరు రాయలేదు."

పోనీ మా ఇంటి జవాబులైనా సరిచెయ్యమన్నాను. రెండోసారి వచ్చిన కుర్రవాడు లేదని రాసుకున్నవన్నీ తప్పని, మా ఇంట్లో ఆడే మనిషి ఉందని చెప్పాను. అంతసేపట్లో ఆ మనిషి మొదటిసారి కలం కింద పెట్టాడు.

"ఇంటర్వ్యూ అప్పుడు ఆవిడ ఒక్కరే ఉన్నారని అతను రాశాడా?"

"ఏం రాశాడో నాకు తెలియదు. ఆవిడ వంటింట్లో ఉంది. నన్నే అడిగాడు."

ఆయన మెల్లగా చెప్పాడు. "పేర్లు, ఇంటి నంబర్లు తీసేశామండి. ఎవరి గుట్టూ బయటపడకూడదని అలా చేస్తాం. మీ ఇల్లు అందులో ఏదో ఇప్పుడు మాక్కూడా తెలియదు." కిటికీ వైపు చూసి, "ఇలాంటి ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో" అన్నాడు.

అంటే ప్రభుత్వం చేయించిన పరిశోధనలో మా ఇల్లు ఏ బాధా లేని ఇల్లు. ఎలా నివారించాలో రేపు ఎవరో రాసే నివేదికలో, బెల్లు కొట్టి అడిగినప్పుడు లేదని చెప్పిన ఇల్లు. తప్పుడు లెక్కలు రాశారని ఇన్ని ఆఫీసుల మీద ఫిర్యాదు చేశాను. ఈ అబద్ధం మాత్రం నేను పట్టుబట్టి రాయించింది. మెట్రోలో మియాపూర్ దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీ ఉందని ఎవరో చెబితే గాని చూసుకోలేదు.

ఆ ప్రొఫెసరు ఒక్క సాయం చేశాడు. ప్రభుత్వ దవాఖానలో ఈ అలవాటుకు కౌన్సెలింగ్ ఉందని, డబ్బు కట్టక్కర్లేదని చెప్పి వివరాలు రాసిచ్చాడు. మా ఆవిడ ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టింది. "మీతో వెళ్లను" అంది. "ఒక్కదాన్నీ వెళ్లలేను. ఆ అమ్మాయి వస్తే వెళ్తాను."

సర్వే కాగితం మీద ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఉంటే ఫోన్ చేశాను. చందానగర్ మార్కెట్లో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరిందట, అక్కడికే రమ్మంది. వెళ్లేసరికి నైటీలు మడత పెడుతోంది. నన్ను చూసి మడత ఆపలేదు.

"ఏంది సార్, ఈడ గూడ కంప్లెయింట్ ఇస్తరా?"

"లేదమ్మా. నాది తప్పయింది."

"మీ మీద నాకు కోపం లేదని చెప్ప. ఉన్నది. నా బిడ్డ స్కూలు ఫీజు ఆ పని మీదనే కడ్తుంటి." మడతపెట్టిన నైటీలు అరలో సర్ది నా వైపు తిరిగింది. "అమ్మ ఎట్లున్నది?"

చెప్పాను. అంతా చెప్పాను. దుకాణం యజమాని రెండుసార్లు ఇటు చూసినా ఆవిడ పట్టించుకోలేదు.

"నాకు ఆ దినమే సమజైంది సార్. మీరు నవ్వినప్పుడు అమ్మ కొంగు ఏలికి సుట్టుకుంట కూసుంది. ఇంకొక్క పూట దొరికితే చెప్పేది. గందుకే మల్ల వస్తనన్న."

"ఈసారి నువ్వు రావాలమ్మా. ఆవిడ నీతోనే వెళ్తానంటోంది."

"మంగళవారం నాకు సెలవు. వస్త. ఆమె కోసం వస్త, మీకోసం గాదు. మీరు ఇంటికాడనే ఉండుండ్రి."

మూడో మనిషి ముందు నన్నలా అనడం నాకు నచ్చలేదు. సరేనన్నాను.

నాలుగు మంగళవారాలు ఇద్దరూ వెళ్లొచ్చారు. మొదటి రోజు తిరిగొచ్చాక లోపల ఏం చెప్పావని అడిగాను. "మీరు రాసి పంపడానికి పనికొచ్చేది ఏమీ లేదండి" అని స్నానానికి వెళ్లిపోయింది. తర్వాత అడగలేదు. ఫోను మాత్రం బల్ల మీదే ఉండేది. నేను దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోవాలని వెయ్యిసార్లు అనిపించింది.

పోయిన ఆదివారం ఉదయం హాల్లో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మొన్న మళ్లీ ఆడానండి."

నాలుగు మంగళవారాలూ వృథా అయ్యాయని అరవబోయాను. అప్పుడు తట్టింది. ఈసారి నేను అడగలేదు. ఏ ఉత్తరమూ రాలేదు, ఎవరూ బయటపెట్టలేదు. తనంతట తానే చెప్పింది, నాకే చెప్పింది.

"ఎలా... మళ్లీ ఎలా దొరికింది?" అన్నాను.

"మెసేజిలో లింకు వచ్చింది. పాతదే, పేరు మార్చారు."

"వాళ్ల మీద రాస్తాను!"

తల ఎత్తి చూసింది. నవ్వు ఆపుకుంది. "రాయండి. ఇది మాత్రం రాయాల్సిందే. కానీ నేను చెప్పింది రాయాలి. మీరు మధ్యలో మాట్లాడకూడదు."

కాగితాలు తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ చిక్కుళ్లు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని మొదలుపెట్టింది.

"ఈ మెసేజి నాకు మధ్యాహ్నం రెండింటికే వస్తుంది. పనమ్మాయి గిన్నెలు తోమి వెళ్లిపోయాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు. ఆదివారాలు రాదు, మా ఆయన సెలవు రోజున రాదు. రెండు రోజులు ఆడకపోతే, మీ మీద మాకు బెంగగా ఉందని వస్తుంది. అలా నన్ను ఇంకెవరూ అడగరు."

నా చెయ్యి ఆగిపోయింది.

"ఆగకండి" అంది. "ఇంకా చాలా ఉంది."