భీమశంకరరావు సీమముల్లంగి

విజయనగరంలో ఆవాల హోల్‌సేల్ వ్యాపారి భీమశంకరరావు మా పక్కింటాయన. ముప్ఫై ఏళ్లుగా ఆయనకొకటే కడుపుమంట. కార్తీక వనభోజనాల్లో కందబచ్చలి తిన్నవాళ్లంతా ఆయన భార్యను తలుచుకుని "పరమేశ్వరమ్మ సెయ్యే సెయ్యి!" అంటారు గానీ, అందులో నూరిపెట్టిన ఆవ ఎవరి కొట్లోదో ఒక్కడూ అడగడు. దానికి పరమేశ్వరమ్మ ఏం చేస్తుంది పాపం?

2016 చలికాలంలో ఆయన ఫోనులో హార్స్‌రాడిష్ అనే దుంపను చూశాడు. చలిదేశాల పంట, ఆవకంటే ఘాటు, ముక్కుకెక్కితే కళ్లు ధారలు కట్టాల్సిందేనట. అంతే! సీమముల్లంగి అని తనే నామకరణం చేసి, పోస్టులో తెప్పించి, పెరట్లో ఆవిడ బచ్చలిపాదు పీకించి మరీ నాటాడు. వేసవిలో మొక్క సొమ్మసిల్లితే చేపల మార్కెట్ నుంచి ఐసు తెప్పించి మొదట్లో పోశాడు. కార్తీకంలో ఉల్లిపాయ కూడా గడప తొక్కని ఇంటికి చేపల ఐసు! నాకు నవ్వాగలేదు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

మళ్లీ కార్తీకం వచ్చింది. దుంపలు చిటికెనవేలంత ఊరాయి. బచ్చలి బజార్లో కొన్నారు. వనభోజనాలకు వెళ్లిన మామిడితోటలో ఆయనే దుంప తురిమి, కుతకుత ఉడుకుతున్న కూరలో వేయబోయాడు.

"ఆవైనా దించి, సల్లారేకే పెడతామండి. ఉడికితే ఘాటు సచ్చిపోతాది" అంది ఆవిడ.

"ఆవాల యాపారం సేసినోడికి నువ్వు సెప్తావేటే!"

వేసేశాడు. విస్తళ్ల ముందు ఒక్కరి కళ్లూ చెమర్చలేదు. ఆవిడ తమ్ముడు చంద్రమౌళి "ఏటక్కా, ఈసారి నీ సెయ్యికి ఏటైపోనాది?" అన్నాడు. ఆవిడ మొగుడివైపు చూసింది. తప్పు నాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ మహానుభావుడు మజ్జిగ అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆవిడ మిగిలిన దుంపలు పచ్చిగా నూరి, పెరుగులో కలిపి వడ్డించింది. గోడ ఇవతల నాకంతా వినబడుతూనే ఉంది.

"ఎవరి సెయ్యండి ఇది?"

"నీదేనే..." ఘాటుకి ముక్కు చీదుకున్న చప్పుడు.

"మరి నిన్నటిదో?"

ఇంకో గరిటె పడిన చప్పుడు.

"నాదే తల్లీ, నాదే!"

"ఆ ముక్క మా తమ్ముడికి సెప్పి రండి."

ఆయన చెయ్యి కడుక్కుని, వీధికి అవతలున్న చంద్రమౌళి కొట్టుకి ఆ ఘాటెక్కిన ముఖంతోనే వెళ్లి, కూర చెడగొట్టింది తనేనని ఒప్పుకున్నాడు. కారిపోతున్న ఆ కళ్లు చూసి చంద్రమౌళి కంగారుపడి లేచాడు.

"ఊరుకో బావా! ఒక్క కూరకే ఇంత ఏడుస్తావేటి?"