మునెప్ప తట్టిన ట్యూబు

దెయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మంట. కెమిస్ట్రీ చదివినదాన్ని, శ్మశానం పక్క హాస్టల్లో ఐదేళ్లు నిద్రపోయినదాన్ని. ఇది ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కుప్పం. నాన్న గ్రానైట్ క్వారీలో డ్రిల్లరు. రాయిని తొలిచే బిట్లకు టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలుంటాయి. అవి అరిగినప్పుడల్లా నాన్న తిట్టుకునేవాడు. ఆ కార్బైడ్‌ను కల్తీ లేని నానో పొడిగా తయారుచేస్తే మొనలు ఎక్కువ కాలం మన్నుతాయని చదివి, దాని మీదే పీహెచ్‌డీకి చేరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మదనపల్లెలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులోనే పని.

టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొడిని పింగాణీ ట్యూబులో పెట్టి, ఫర్నేసులో కాలుస్తూ హైడ్రోజన్, మీథేన్ పంపాలి. ట్యూబులోకి రవ్వంత గాలి దూరినా పొడి చెడుతుంది. హైడ్రోజన్‌తో కలిసి పేలినా పేలుతుంది.

ల్యాబ్ అటెండర్ మునెప్పది కురబలకోట. ఫర్నేసు వెలిగించే ముందు వేలి కణుపుతో ట్యూబును మూడుసార్లు తట్టేవాడు. ఒక్కో దెబ్బకీ ఆగి, చెవి పెట్టి వినేవాడు. నేను నవ్వితే, "సంతలో కుండ కొనేటప్పుడు తట్టి సూసుకోరా మేడమ్? దీన్ని యాల సూడరు?" అనేవాడు.

"లీకు చూపించడానికి గేజి ఉంది కదప్పా" అనేదాన్ని.

ఆ వేసవిలో మునెప్ప గుండెపోటుతో పోయాడు. తర్వాత నేను చేసిన పదకొండు బ్యాచీలూ చెడిపోయాయి. పొడిని పరీక్షించిన ప్రతి ఎక్స్‌రే గ్రాఫులోనూ కార్బైడ్‌కు బదులు ఆక్సైడ్ గీతలే. గేజి మాత్రం లీకు లేదనే చెప్పింది. నా పీహెచ్‌డీ గడువు నెలాఖరుకు ముగుస్తుంది. ఏడుపొచ్చేది. అయినా పట్టు వదిలితే నేను మా నాన్న కూతుర్నే కాదనుకున్నాను.

పన్నెండో బ్యాచి రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ. కరెంటు లేదు, ఫర్నేసు చల్లగా ఉంది. ల్యాబు తాళం తీస్తుంటే లోపల ఎవరో తట్టారు. ఆగి ఆగి, మూడు దెబ్బలు.

లోపల ఎవరూ లేరు. కిటికీలకు గడియలు వేసే ఉన్నాయి. నేరుగా ట్యూబు దగ్గరికెళ్లి, మొదటిసారి నేనే తట్టాను. ఖంగుమనాల్సింది మొద్దుగా పలికింది. సిరా పూసి తుడిస్తే వెంట్రుకంత పగులు బయటపడింది. వేడికి తెరుచుకుని చల్లారితే మూసుకునే పగులు. నేను గేజి చూసేది చల్లటి ట్యూబుకే. ఆ రోజు హైడ్రోజన్ రెట్టింపు పంపాలనుకున్నాను. పంపి ఉంటే ట్యూబు పేలిపోయేది.

ట్యూబు మార్చాను. తర్వాతి గ్రాఫులో కార్బైడ్ గీతలు తప్ప ఇంకేమీ లేవు. ఆ కాగితం తీసుకుని కురబలకోట వెళ్లి, మునెప్ప భార్యకు అంతా చెప్పాను.

"ఇంట్లో కూరొండే సట్టి కూడా అట్లనే తట్టేవోడు మా. నేనూ నవ్వుతాంటిని" అంది. ఇద్దరం ఏడ్చాం.

కాలేజీలో విన్నవాళ్లు ఎలుకలన్నారు, పైపులన్నారు. అన్నీ వెతికాను, ఏదీ కుదరలేదు. ఆ దెబ్బలు ఎవరివో నాకు తెలియదు. మునెప్ప బతికుండగా చెబితే నవ్వాను. పోయాక చెబితే విన్నాను.