ఎక్స్‌పెడైట్, నా ఎడమ కాలు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి తలుపులు పట్టపగలు కూడా మూసే ఉండేవి. మేం గుంటూరు నుంచి వచ్చినవాళ్ళం. మా యాస ఎవరి చెవిన పడితే ఏమవుతుందోనని అమ్మ నన్ను వీధిలో నోరు విప్పనిచ్చేది కాదు. బయట కర్ఫ్యూ, లోపల అమ్మ ఆంక్షలు. నాకు ఊపిరాడేది కాదు.

నిజంగా ఊపిరాడనిది మా నానమ్మకు. ఉబ్బసం మనిషి. ఒకనాడు మాత్రలు అయిపోయి రొప్పుతుంటే, మధ్యాహ్నం కర్ఫ్యూ కాసేపు సడలించగానే మా తాతయ్య సైకిల్ తీశాడు. ఆయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఇంట్లో ఉండలేక నేనూ మారాం చేసి వెనక ఎక్కాను. మూసారాంబాగ్‌లో మాత్రలు దొరికాయి. తిరిగొస్తుంటే, ఇక ఇళ్ళలోకి పొమ్మని మైకులో హెచ్చరిస్తూ పోలీసు జీపు పోయింది. తాతయ్య గబగబా తొక్కాడు. నా ఎడమ కాలు చక్రం పుల్లల్లో పడింది.

ఆయన గుంజాడు. గుంజినకొద్దీ బిగుసుకుంది. అమ్మ మాట గుర్తొచ్చి ఏడుపు మింగేశాను. ఇంతలో ఊరేగింపు నుంచి మళ్ళిన మనుషులు కొందరు చుట్టూ మూగారు. మా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తాతయ్య చేసిన పనికి నాకు ఒళ్ళు మండింది. నడిరోడ్డు మీద చతికిలబడ్డాడు. చక్రాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుతూ, అచ్చ గుంటూరు యాసలో పాఠం మొదలెట్టాడు.

"ఎక్స్‌పెడైట్ అంటే త్వరపెట్టడం అని చెప్పానే, గుర్తుందా? ఆఫీసుల్లో ఫైలు ఎక్స్‌పెడైట్ చేయమంటారు. లాటిన్ మాటమ్మా అది. ఎక్స్ అంటే బయటికి, పెడ్ అంటే పాదం. సంకెళ్ళలోంచి పాదాన్ని బయటికి తీయడం, అదీ అసలర్థం. మనం తొక్కే పెడల్లోనూ ఆ పాదమే ఉంది."

వాళ్ళలో గుబురు మీసాలున్న ఒకాయన సైకిల్ వెనక భాగం లేపి పట్టుకున్నాడు. "జల్ది కానియ్యి సారూ, జీపు మల్ల ఒస్తది," అన్నాడు.

"జల్దీగా పోవాలనే నాయనా ఈ నెమ్మది," అన్నాడు తాతయ్య.

తోలు లేచిపోయింది గానీ కాలు బయటికొచ్చింది. మీసాలాయన నన్నెత్తుకుని మా వీధి మలుపు దాకా వచ్చాడు. నా బిగబట్టిన మొహం చూసి, "గట్టిగ ఏడ్వు బిడ్డా, ఎవ్వరేమనరు," అన్నాడు. ఆయన భుజం మీద, మా యాసలోనే, అమ్మా నాయనా అంటూ ఏడ్చేశాను.

ఆ పూట నానమ్మ మాత్ర వేసుకుని కుదుటపడింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా అందరూ తలోదిక్కు పరిగెడతారు, నేను కూర్చుంటాను. ఈవిడకి చీమ కుట్టినట్టైనా లేదని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. కూర్చుని, కాలు ఎక్కడ ఇరుక్కుందో చూస్తాను.